ఊరి గాలికి కాపరి ఎవరు?

నల్లమల కొండల పడమటి అంచున రుద్రవరము ఉన్నది. ఊరికి తూర్పున అడవి, పడమట కుందూ లోయలోని నల్లరేగడి చేలు. ఇంటింట కట్టెల పొయ్యి మండిన దినములలో, సాయంకాలమున ఆ ఊరిని దూరమునుండి చూచినవారికి ఇండ్ల కప్పులపై పలుచని పొగ దుప్పటి పరచినట్లు కనిపించెడిది. ఆ దృశ్యమును మెచ్చుకొన్నవారు పలువురు. ఆ పొగలో కూర్చుండి అన్నము వండిన ఇల్లాలి దగ్గును పట్టించుకొన్నవారు మాత్రము అరుదు.

మన పల్లెలలో దేనికి కావలసిన కాపరి దానికి ఉండెడివాడు. చెరువు నీటికి నీరగంటి, పొలిమేరకు తలారి, మందకు గొల్ల. గాలికి ఎవరును లేరు. గాలి ఒకరి పొలమునకు చెందినది కాదు. దానికి గట్టు వేయుటకు వీలులేదు. దానికి శిస్తు కట్టినవారు లేరు. కావున దానికొక కాపరిని నియమించవలెనను తలంపు మన పెద్దలకు కలుగలేదు. ఆ తలంపు ఎప్పుడు కలిగినది, ఆ భారము ఎవరి తలపై పడినది, దానిని మోయుటకు వారి చేతికి ఏమిచ్చినారు అను విషయమును విచారించుటకే ఈ ప్రసంగము.

ఈ విచారణకు మమ్ము పురికొల్పిన కారణము ఒకటి గలదు. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించినది. అంతకుముందు ఏండ్ల తరబడి కొలిచిన లెక్కలను బట్టి గాలి నిర్ణీతమైన ప్రమాణమునకు అందని నగరములను ఏరి 102 పేర్లతో ఒక పట్టిక వేసినారు. అందు ఆంధ్రప్రదేశ్ నుండి ఐదు పేర్లు ఉన్నవి: విశాఖపట్టణము, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు. మొదటి పేరు చూచి ఎవరును ఆశ్చర్యపడి యుండరు. చివరి పేరు చూచి మేము ఆశ్చర్యపడినాము. రుద్రవరము అప్పటికి కర్నూలు జిల్లాలోనిదే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన గదా ఏర్పడినది! మా వైపు వారికి కర్నూలు అనగా కలెక్టరు కచేరి, పెద్దాసుపత్రి, కొండారెడ్డి బురుజు, తుంగభద్ర ఒడ్డు. అక్కడ కార్ఖానాలు లేకపోలేదు గాని, అది పొగగొట్టముల నగరమని ఎవరును అనుకొనలేదు. తరువాత ఆ పట్టిక పెరిగి 131 నగరములైనది. ఆంధ్రప్రదేశ్ వంతు 13 అయినది. కడప, అనంతపురము, చిత్తూరు కూడ చేరుటతో రాయలసీమలోని నాలుగు పాత జిల్లా కేంద్రములును అందులోనే ఉన్నవి.

మరి అక్కడి గాలిలో ఉన్నదేమి? ముందుగా రెండు కొలతలు చెప్పవలెను. గాలిలో తేలు కణములలో పది మైక్రానులకు మించనివి ఒక తరగతి, వీనిని పి.ఎం. 10 అందురు. రెండున్నర మైక్రానులకు మించనివి మరియొక తరగతి, ఇవి పి.ఎం. 2.5. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. మొదటి తరగతిలోని ముతక కణము ఎక్కువగా దుమ్ము. ముక్కునందును గొంతునందును చాలవరకు ఆగిపోవును. రెండవది ఎక్కువగా పొగ. ఊపిరితిత్తుల అడుగు వరకు పోయి, కొంత నెత్తురులో కూడ కలియును. మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున మొదటి తరగతి 60 మైక్రోగ్రాములు, రెండవది 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన ఇంకను కఠినమైనది. అది వరుసగా 15, 5 మాత్రమే. దుమ్మునకును పొగకును గల ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. కథ చివర దీనితో పని ఉన్నది.

ఇక పాత కాలమునకు పోవుదము. మద్రాసు రాజధానిలో పురపాలక సంఘములకు గట్టి పునాది వేసినది 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టము. దానిని అనుసరించి మరుసటి ఏడు, అనగా 1866లో, కర్నూలు పురపాలక సంఘము ఏర్పడినది. నంద్యాల సంఘము 1899 నాటిది. ఆ చట్టమునందు ఒక వింత ఉన్నది. పట్టణపు పోలీసు ఖర్చులో నాలుగింట మూడు వంతులు పురపాలక సంఘమే భరించవలెను. పన్నులు వసూలు చేసి, పోలీసు జీతములకు చెల్లించి, మిగిలిన దానితో వీధులు ఊడ్పించి, కాలువలు తీయించి, దీపములు పెట్టించవలెను. ఊడ్చుటకు ఎంత మిగిలి యుండునో శ్రోతలే ఊహించుకొనవచ్చును. 1871లో మరొక చట్టము వచ్చి ఆసుపత్రులును, బడులును కూడ ఈ సంఘముల నెత్తిన పెట్టినది. పురపాలకుల చరిత్ర అంతటను ఈ ఒక్క తీరే కనిపించుచున్నది. పని ముందు వచ్చును, సొమ్ము తరువాత వచ్చును, అధికారము ఎక్కడనో ఆగిపోవును.

అయితే ఆ కాలపు పాలకులు ఊడ్పించుటకు ఎందుకు అంత ప్రాధాన్యమిచ్చినారు? ఇక్కడ మేము కొంచెము నిలిచి చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులలో పెక్కుమంది రోగములకు మూలము చెడుగాలియే యని నమ్మినారు. కుళ్లిన చెత్తనుండి, నిలిచిన మురికినుండి, చిత్తడి నేలనుండి విషపు ఆవిరి లేచి మనుష్యులను పట్టుకొనునని వారి సిద్ధాంతము. ఇంగ్లండులో 1848 నాటి ప్రజారోగ్య చట్టమునకు కారకుడైన ఎడ్విన్ చాడ్విక్ ఈ మతమువాడే. దుర్వాసన ఉన్నచోట వ్యాధి ఉన్నదని అతని నిశ్చయము. మలేరియా అను పేరే ఇటలీ భాషలో చెడుగాలి యని అర్థము. నల్లమల పాదమున ఉన్న పల్లెలకు చలిజ్వరపు ఊళ్లని పాతకాలమునుండి పేరు. కొండగాలి తగిలి జ్వరము వచ్చినదని ఇక్కడివారు చెప్పుకొనుటయు, చెడుగాలి వలన జ్వరము వచ్చునని లండనులోని పండితులు చెప్పుటయు ఇంచుమించు ఒక్కటే.

ఆ లెక్కన పురపాలక సంఘము పుట్టినదే గాలికి కాపరిగా! సిద్ధాంతము తప్పు, పని మాత్రము ఒప్పు. చెత్త ఎత్తించినారు, మురుగు పారించినారు, తోళ్లు ఊనబెట్టు చోట్లను ఊరి వెలుపలికి పంపినారు. గాలి బాగుపడునని చేసిన ఆ పనుల వలన నీరు బాగుపడినది. కలరా కొంత తగ్గినది.

ఆ సిద్ధాంతమునకు పెద్ద దెబ్బ తెలుగునేలపైననే తగిలినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, అందు మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. జ్వరమును తెచ్చునది గాలి కాదు, దోమ యని తేలినది. ఇది మానవజాతికి ఎంతో మేలు చేసిన ఆవిష్కరణము. కాని దాని వెంట ఒక మరపు కూడ వచ్చినది. అప్పటినుండి ఆరోగ్యాధికారి దృష్టి నీటిమీదికిని, దోమమీదికిని, ఈగమీదికిని మరలినది. గాలి నిర్దోషి యని విడుదల చేసినట్లైనది. పురపాలక సంఘపు నివేదికలలో కుళాయిలు, కాలువలు, టీకాలు నిండినవి. పొగకు చోటు లేకపోయినది. ఒక నేరము చేయలేదని తేలినవాడు మరియొక నేరము చేయడని ఎట్లు చెప్పగలము?

పొగను పూర్తిగా మరచినారనుట కూడ సరికాదు. జనపనార మిల్లులతో నిండిన కలకత్తాకు, హౌరాకు 1863లోనే పొగ బాధను గూర్చి ఒక చట్టము చేసినారు. 1905లో బెంగాలు, 1912లో బొంబాయి మరింత వివరముగా చట్టములు చేసినవి. మన మద్రాసు రాజధాని జిల్లాలలో ఉన్నది వేరొక పద్ధతి. ఇటుకల ఆవము, సున్నపు బట్టీ, తోళ్ల శుద్ధి మొదలైన వృత్తులను పురపాలక సంఘపు లైసెన్సు లేక పట్టణములో సాగించరాదని 1920 నాటి జిల్లా పురపాలక సంఘముల చట్టము శాసించినది. 1965లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు కలిపి వచ్చిన పురపాలక చట్టము కూడ ఆ దారినే నడచినది. లైసెన్సు అనగా రుసుము; రుసుము అనగా ఆదాయము. ఆదాయమిచ్చు బట్టీని మూయించుటకు ఏ సంఘమునకు తొందర ఉండును?

పొగ నేరము మరల న్యాయస్థానమునకు వచ్చినది 1952 డిసెంబరులో, లండను నగరమున. ఆ నెల 5వ తేదీ మొదలు 9వ తేదీ వరకు ఐదు దినములు గాలి కదలలేదు. పైన వెచ్చని గాలి పొర మూతవలె పడి, కింద లక్షల ఇండ్ల బొగ్గు పొయ్యిల పొగ అట్లే నిలిచిపోయినది. పట్టపగలు మనిషికి తన కాలు తనకు కనిపించలేదని ఆనాటివారు చెప్పుకొన్నారు. సుమారు 4,000 మంది మరణించిరని అప్పటి లెక్క. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 వరకు పెంచినారు. ఆ నగరమున బొగ్గు పొగపై ఫిర్యాదు కొత్తది కాదు. 1306లో మొదటి ఎడ్వర్డు రాజు కాలముననే సముద్రపు బొగ్గు కాల్చరాదని ఆజ్ఞ వెలువడినది. 1661లో జాన్ ఎవెలిన్ లండను పొగపై ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆజ్ఞయు, గ్రంథమును ఆరిపోయినవి గాని పొయ్యి ఆరలేదు.

ఇందు మనము గమనింపదగినది, మొదట కదలినది పార్లమెంటు కాదు, నగర పరిషత్తులు. మాంచెస్టరు నగరము 1946లోనే ప్రత్యేక చట్టము ద్వారా పొగలేని మండలమును ప్రకటించు అధికారము సంపాదించి 1952లో దానిని అమలుపరచినది. కోవెంట్రీ అంతకు ఒక ఏడు ముందే, 1951లో, ఆ పని చేసినది. పార్లమెంటు 1956లో చేసిన స్వచ్ఛ వాయు చట్టము ఈ అనుభవమునే దేశమంతటికిని విస్తరింపజేసినది. ఆ చట్టములో మాకు నచ్చినది దండన కాదు, లెక్క. పొగ వచ్చు పొయ్యిని మార్చుకొను ఇంటివాని ఖర్చులో పదింట నాలుగు వంతులు కేంద్ర ఖజానా ఇచ్చును. మూడు వంతులు స్థానిక పరిషత్తు ఇచ్చును. ఇంటివాడు మూడు వంతులు పెట్టుకొనును. పొయ్యి మార్చుమని చెప్పినవారు పొయ్యికి డబ్బు కూడ ఇచ్చినారు. మండలములను ప్రకటించు అధికారము పరిషత్తుకే ఉంచినారు. పనియు, సొమ్మును, అధికారమును ఒకే చోట చేరిన అపురూపమైన సందర్భమిది.

మన దేశమున అట్టి కలయికకు దగ్గరగా వచ్చినది హైదరాబాదు. అయితే పొగ విషయమున కాదు, దుమ్ము విషయమున. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద ఆ నగరమును ముంచినది. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినారు. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. భూగర్భ మురుగు కాలువల పథకమునకు కూడ ఆయనయే సలహాదారు. 1911లో ప్లేగు కూడ వచ్చుటతో, 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడి ఇరుకు వాడలను తొలగించి, వీధులు వెడల్పు చేసి, గాలి వెలుతురు చొరబడునట్లు ఇండ్లు కట్టించినది. 1920ల చివరనుండి ముఖ్యమైన వీధులకు సిమెంటు రోడ్లు వేసినారు. బండి చక్రము కింద దుమ్ము లేవని రోడ్డు అప్పటికి దక్షిణదేశమున ఒక వింత. అయితే ఆ సంఘము ప్రజలు ఎన్నుకొన్నది కాదు. నిజాము ప్రభుత్వపు ఖజానా దాని వెనుక ఉన్నది. అట్టి ఖజానా లేని కర్నూలు, నంద్యాల సంఘములు ఆ దినములలో చేసినదెల్ల వేసవిలో రోడ్డుపై నీళ్లు చల్లించుటయే.

పొగకు సంబంధించి తెలుగునాట అన్నిటికన్న పెద్ద కథ విశాఖపట్టణముది. ఓడరేవు 1933 డిసెంబరులో ప్రారంభమైనది. 1957లో నూనె శుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము, 1977లో జింకు కర్మాగారము వచ్చినవి. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. నగరపు పూర్వభాగమంతయు కొండల నడుమ గిన్నె వంటిది. దక్షిణమున యారాడ కొండ, ఉత్తరమున సింహాచలము వైపు కొండల వరుస, తూర్పున సముద్రము. పగలు సముద్రపు గాలి లోపలికి వీచును. శీతకాలపు రాత్రులందు గాలి స్తంభించి, చల్లని పొర కింద నిలిచి, గిన్నెలోని పొగ గిన్నెలోనే ఉండును. ఓడరేవులో కుప్పలు పోసిన బొగ్గు, ఇనుప ఖనిజముల పొడి ఆరవేసిన బట్టలపై పడుచున్నదని పాత పట్టణపు గృహిణులు మొరపెట్టుకొన్నది ఒక తరము కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమున అతిగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతములను పేర్కొన్నది. వానిలో విశాఖపట్టణమును, హైదరాబాదు వద్ది పటాన్‌చెరువు–బొల్లారమును రెండును ఉన్నవి.

విశాఖ పురపాలక సంఘము 1979లో నగరపాలక సంస్థయైనది. గౌరవము పెరిగినది; పొగగొట్టముపై అధికారము మాత్రము రాలేదు. అది రెండు చట్టముల ద్వారా వేరొక చోటికి పోయినది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టము, 1981లో వాయు కాలుష్య నివారణ చట్టము వచ్చినవి. కర్మాగారమునకు అనుమతి ఇచ్చుట, పరీక్షించుట, మూయించుట రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పని. మన మండలి 1976లో ఏర్పడినది. ఇంజనీర్లు, ప్రయోగశాలలు కావలసిన పనిని నిపుణుల చేతికి ఇచ్చుట సమంజసమే. కాని ఆ గొట్టము నీడన నివసించువారు ఓటు వేయునది మండలికి కాదు, నగరసభకు. వారి వార్డు సభ్యునికి ఫిర్యాదు చేసిన, ఆయన చేయగలిగినది మరియొక ఫిర్యాదు వ్రాయుటయే.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఏమి జరిగినదో శ్రోతలకు జ్ఞాపకమే. నగరపు పడమటి కొసన, 1961లో స్థాపితమైన ఒక పాలిమరు కార్ఖానాలో నిలువచేసిన స్టైరీను వేడెక్కి ఆవిరియై వెంకటాపురము పరిసరములపై కమ్ముకొన్నది. నిద్రలోనుండి లేచి పరుగెత్తుచు దారిలోనే పడిపోయినారు. మొదటి దినములలోనే 12 మంది మరణించినారు. కార్ఖానా వచ్చినప్పుడు అది ఊరికి దూరము. తరువాత ఊరే పెరిగి దాని గోడ దాక వచ్చినది. ఇండ్ల స్థలములకు అనుమతులిచ్చు కచేరి ఒకటి, కార్ఖానాకు అనుమతులిచ్చు కచేరి వేరొకటి; ఆ రెండు పటములను ఒకే బల్లపై పరచి చూచు బాధ్యత ఎవరికిని లేదు. ఆ ఉదయమున మరణించినవారి విషయమున మాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

పురపాలకుల చేతికి అధికారమీయకున్నను వారిని బాధ్యతనుండి విడువరాదని న్యాయస్థానము 1980లోనే చెప్పినది. మధ్యప్రదేశ్‌లోని రత్లాము పట్టణమున ఒక వార్డు ప్రజలు, వీధిలో మురుగు నిలిచి, సారా కర్మాగారపు వ్యర్థజలము పారి, బ్రతుకు దుర్భరమైనదని మేజిస్ట్రేటు వద్దకు పోయినారు. మేజిస్ట్రేటు అప్పటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షను కింద కాలువలు కట్టుమని ఆజ్ఞ ఇచ్చినాడు. పురపాలక సంఘము డబ్బు లేదని చెప్పి సుప్రీంకోర్టు దాక పోయినది. తీర్పు చెప్పిన న్యాయమూర్తులు కృష్ణయ్యరును, తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డియును. చట్టము విధించిన కర్తవ్యమునకు ఖజానా ఖాళీ యనునది సాకు కాజాలదని వారు నిర్ణయించినారు. తీర్పు గొప్పది. అయితే ఖజానా నింపు మార్గము తీర్పులో లేదు, ఉండజాలదు కూడ. 1992లో చేసి 1993 జూన్ 1 నుండి అమలుపరచిన 74వ రాజ్యాంగ సవరణ 18 విషయములను పురపాలక సంఘములకు అప్పగింపవచ్చునని పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు ఆరవది పారిశుద్ధ్యము, ఎనిమిదవది పర్యావరణ రక్షణము. గాలికి కాపరి పేరు మొదటిసారి రాజ్యాంగములోనికి ఎక్కినది. కాపరి చేతికి కర్ర ఇచ్చుట రాష్ట్ర శాసనసభల ఇష్టమునకు విడిచిపెట్టినారు.

ఇప్పుడు మరల కర్నూలునకు వత్తము. స్వచ్ఛ వాయు కార్యక్రమపు మొదటి లక్ష్యము 2017 నాటి లెక్కతో పోల్చి 2024 నాటికి కణములను 20 నుండి 30 శాతము తగ్గించుట. తరువాత దానిని 2025–26 నాటికి 40 శాతమునకు పెంచినారు. పది లక్షలు మించిన విజయవాడ, విశాఖపట్టణములకు పదిహేనవ ఆర్థిక సంఘము ద్వారా, కర్నూలు వంటి వానికి కేంద్ర పర్యావరణ శాఖ ద్వారా సొమ్ము వచ్చినది. పురపాలకులకు గాలి పేరున ప్రత్యేకముగా సొమ్ము వచ్చుట ఇదియే మొదలు.

అయితే ఎంత తగ్గినదని కొలుచుటకు ప్రధానముగా చూచినది పి.ఎం. 10ని. ఇందాక జ్ఞాపకముంచుకొనుడని కోరిన భేదము ఇక్కడ అక్కరకు వచ్చుచున్నది. పి.ఎం. 10 బరువులో పెద్ద వంతు దుమ్ము. దుమ్ము పురపాలక సంఘపు రోడ్డుపైననే ఉన్నది. దానిని ఊడ్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పొగ ఉన్నది కార్ఖానాలో, లారీలో, పొయ్యిలో; అవి వేరు శాఖల వశములో ఉన్నవి. కావున సొమ్ము పోవలసిన చోటికే పోయినది! దేశమంతటి ఖర్చును పరిశీలించి ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్క ప్రకారము, నూటికి 64 వంతులు రోడ్డు దుమ్ము పనులకే వ్యయమైనది. కర్మాగారముల పొగకు ఒక్క వంతు కూడ కాలేదు.

దీనిని చూచి పురపాలకులను పరిహసించుట సులభము. మేము పరిహసింపము. కర్నూలు, నంద్యాలలవంటి పట్టణములలో దుమ్ము చిన్న బాధ కాదు. నల్లరేగడి ఎండినప్పుడు పొడియై లేచును. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతముల నాపరాయి లారీలకెక్కి ఈ రోడ్లమీదనే పోవును. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దేశదేశములకు దేవతామూర్తులను పంపినది. ఆ రాతి పొడిలోని సిలికా శిల్పి ఊపిరితిత్తులకు శత్రువు. మా అభ్యంతరము దుమ్ముపై ఖర్చు చేయుట కాదు, చేసిన తీరు. తారు రోడ్డు అంచునకును మురికికాలువకును నడుమ రెండు మూడు మూరల వట్టి నేల ఉండును. ప్రతి బస్సు దాని పైనుండి పోయి దుమ్ము లేపును. ఆ అంచును రాళ్లతో పరపించిన పదేండ్లు నిలుచును. తుంపరలు చిమ్ము యంత్రము చల్లిన నీరు కర్నూలు ఎండలో గడియసేపు నిలువదు. మరియు కాలువలోని పూడికను తీసి గట్టున పోసి, ఎండిన తరువాత ఎత్తించవచ్చునని విడిచిపెట్టు అలవాటు ఒకటి ఉన్నది. ఎండిన పూడికను ఎత్తుకొనిపోవునది గాలియే. వాన వచ్చిన మిగిలినది మరల కాలువలో పడును. 2019 సెప్టెంబరులో నల్లమల వరద దిగి మహానంది ఆలయములోనికి కూడ నీరు వచ్చినప్పుడు, నంద్యాలలో కుందూ, మద్దిలేరు, చామకాలువల పొంగును చూచినవారికి పూడిక కథ తెలియును. ఒకే మట్టి వేసవిలో గాలిని చెరచును, వర్షాకాలములో ఇల్లు ముంచును.

యంత్రములు లేకయే పని చేసి చూపిన ఊరును కూడ పేర్కొనవలెను. నల్లగొండ జిల్లాలోనిదిగా ఉండిన సూర్యాపేటలో, 2003 ప్రాంతమున పురపాలక సంఘము వీధి చెత్తకుండీలను తీసివేసినది. కమిషనరు ఖాదర్ సాహెబు. ఇంటివద్దనే తడి చెత్త, పొడి చెత్త వేరుచేయించి, ట్రాక్టరు ఇంటింటికి పంపి, తడిదానిని వానపాముల ఎరువు చేయించి, పొడిదానిని అమ్మించినారు. లక్ష జనాభా గల ఆ పట్టణమునకు చెత్త చూచుటకు ఇతర రాష్ట్రములనుండి అధికారులు వచ్చినారు. ఇందు గాలికి సంబంధమేమి యందురా? కుండీ ఉన్నచోట నిప్పు ఉండును. నిండిన కుండీని ఖాళీచేయుటకు బండి రానప్పుడు తెల్లవారకముందే అగ్గిపుల్ల గీయుట పట్టణములన్నిట జరుగునదే. ప్లాస్టికు కలిసిన ఆ పొగ సన్నని కణముల పొగ. రోడ్డు ఊడ్చు యంత్రమునకు అందనిది. కాల్చినవానిని తప్పుపట్టిన లాభము లేదు. బండి ఎందుకు రాలేదో అడుగవలెను.

రుద్రవరమునకు నగరసభ లేదు, గాలి కొలుచు యంత్రము లేదు, పట్టికలో పేరు లేదు. పంచాయతీ ఉన్నది. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి మన పల్లె ఇండ్లలోనికి గ్యాసు పొయ్యి తెచ్చినవి. లండను ఇంటివానికి పొయ్యి మార్పించిన లెక్కకు ఇది దూరపు బంధువు. కాని అక్కడ పొయ్యి మార్చిన పిదప పాత బొగ్గు కాల్చుట నిషేధము. ఇక్కడ సిలిండరు ధర పెరిగిన నెలలో పాత పొయ్యి మరల రాజుకొనును. అడవి దగ్గర, కట్టె చవుక. ప్రత్తికట్టెను పొయ్యికి వాడుకొనగా మిగిలినది చేనిలోనే తగులబెట్టుదురు. మన పల్లెలు పెక్కింట చెత్తనుండి సంపద తీయుటకని పంచాయతీలకు షెడ్లు కట్టించినారు. కొన్నిట వానపాములు ఉన్నవి. కొన్నిట తాళము ఉన్నది. తాళము ఉన్న ఊళ్లలో తెల్లవారుజామున ఊరి చివర పొగ లేచుచున్నది. ఆ తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదో రాబోవు గ్రామసభలో అడుగుటకు ఏ చట్టమును సవరింపనక్కరలేదు.